నీడలో కట్టేసినా ఆవు ఎందుకు రొప్పుతుంది?

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మన సంకర జాతి ఆవును చూసి మీరో ప్రశ్న అడిగారు. "తాతయ్యా, అది ఎండలో లేదు కదా, షెడ్డులోనే ఉంది కదా, మరి నాలుక బయటపెట్టి అలా రొప్పుతోందేం?" అని. ఫోన్‌లో ఏదో చెప్పి సరిపెట్టాను గానీ, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

వేడి అనగానే మనకు సూర్యుడే గుర్తొస్తాడు. ఆవు సంగతి వేరు. దాని బాధలో పెద్ద వాటా దాని ఒంట్లోనే పుడుతుంది. ఆవు పొట్టలో నాలుగు అరలుంటాయని మీ సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. అందులో మొదటిది అన్నిటికన్నా పెద్దది, వంద లీటర్లకు పైనే పడుతుంది. తిన్న గడ్డినంతా అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు పులియబెడుతుంటాయి. పులిసేటప్పుడు వేడి పుడుతుంది. మేత అరగడానికి, పాలు తయారు కావడానికి జరిగే పనంతా మళ్లీ వేడే. రోజుకు పదిహేను, ఇరవై లీటర్లిచ్చే ఆవు ఒంటి నుంచి ఎప్పుడూ వెయ్యి వాట్లకు తగ్గకుండా వేడి వస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె మీద 1000 వాట్లని రాసి ఉంటుంది చూడండి. దాన్ని రాత్రింబవళ్లు ఆపకుండా ఆన్‌లో ఉంచితే ఎంత వేడో, ఒక్క ఆవు అంత. పాలు ఎక్కువిచ్చే ఆవుకు వేడీ ఎక్కువే.

ఆ వేడంతా ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. ఆవు ఒంటి వేడి మామూలుగా 38.5 డిగ్రీలు, మనకన్నా డిగ్రీన్నర ఎక్కువ. అక్కడి నుంచి ఒక్క డిగ్రీ పెరిగినా దానికి ఇబ్బందే. వేడి పోవడానికి దారులు కొన్నే ఉన్నాయి. చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉంటే గాలికి పోతుంది, పడుకున్న నేల చల్లగా ఉంటే నేలకు పోతుంది, కప్పూ గోడలూ చల్లగా ఉంటే వాటివైపు పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ రోజుల్లో మధ్యాహ్నం ఇవన్నీ మూసుకుపోతాయి. అన్నీ దాని చర్మం కన్నా వేడిగానే ఉంటాయి కదా! ఇక మిగిలింది ఒక్కటే, నీరు ఆవిరి కావడం. ఆవుకు చెమట పడుతుంది గానీ మనకు పట్టినంత పట్టదు. అందుకే ఊపిరి వేగం పెంచి, ముక్కు, నోరు, గొంతుల్లోని తడిని ఆవిరిగా బయటికి తోస్తుంది. మీరు చూసిన రొప్పు అదే.

ఈసారి వచ్చినప్పుడు మీరే లెక్కపెట్టండి. ఆవుకు కాస్త ఎడంగా నిలబడి, పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య ఉండే గుంట వైపు చూడండి. దాన్నే డొక్క అంటాం. అది ఒకసారి ఉబ్బి ఒకసారి లోపలికి పోతే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించండి. చల్లటి పూట నెమరేస్తూ పడుకున్న ఆవుకు ముప్పై అటూఇటూ వస్తుంది. అరవై దాటిందంటే దానికి వేడి తట్టుకోవడం కష్టమవుతోందని అర్థం. వందకు చేరి, నోరు తెరిచి, మెడ చాచి, చొంగ కారుస్తుంటే ఇక ఆలస్యం చేయకుండా నీళ్లు కొట్టాలి, డాక్టరుకు ఫోన్ చేయాలి. అప్పుడే నడిచొచ్చిన ఆవును మాత్రం లెక్కపెట్టకండి, అంకె తప్పు వస్తుంది.

ఇంకో గుర్తు, పడుకోకపోవడం. పాలావు రోజులో దాదాపు సగం పడుకునే గడుపుతుంది. వేడి ఎక్కువైతే లేచి నిలబడుతుంది. నిలబడితే ఒళ్లంతా గాలికి తగులుతుందని దానికి తెలుసు. మధ్యాహ్నం షెడ్డులో అన్నీ నిలబడి, నీళ్ల తొట్టి చుట్టూ మూగి ఉంటే థర్మామీటరుతో పనేముంది?

చాలామంది పొరబడేది సాయంత్రం పూట. మధ్యాహ్నం పన్నెండింటికే ఆవు ఒళ్లు ఎక్కువ వేడిగా ఉంటుందనుకుంటారు. కాదు, పగలంతా పోగైన వేడితో అది సాయంత్రం అయిదూ ఏడూ మధ్య ఎక్కువగా కాగి ఉంటుంది. మనకేమో అప్పటికి కాస్త హాయిగా ఉంటుంది, ఫ్యాన్లు ఆపేసి వెళ్లిపోతాం. దానికి అసలు ఫ్యాను కావలసింది అప్పుడే. రాత్రి కూడా చల్లబడకపోతే, నిన్నటి వేడి మీద ఈరోజు వేడి ఎక్కుతుంది. పాలు తగ్గేది కూడా వెంటనే కాదు, ఒకటి రెండు రోజులాగి తగ్గుతాయి. ఈలోగా ఎండ కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి, మేత మారిందనో దిష్టి తగిలిందనో అనుకునేవాళ్లు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక మీ ప్రశ్నలో ఉన్న షెడ్డు సంగతి. రేకుల షెడ్డు నీడనిస్తుంది, నిజమే. కానీ మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ రేకు కింద నిలబడి తల పైకెత్తి చూడండి. గాలి కదలకపోయినా ముఖానికి సెగ తగులుతుంది. ఎండకు కాగిన రేకు కిందికి వేడిని చిమ్ముతుంది, అది నేరుగా ఆవు వీపు మీద పడుతుంది. కప్పు ఎంత కిందికి ఉంటే అంత కష్టం. సిమెంటు రేకులు వేసి, చెయ్యెత్తితే తగిలేటంత కిందికి కప్పిన షెడ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఖర్చు తగ్గిందని మురిసిపోతారు, పాలు తగ్గితే డాక్టరును తిడతారు. పాత తాటాకు పాక ఈ విషయంలో ఎంతో మేలు, నిప్పు భయం ఒక్కటే దాంతో చిక్కు. రేకులు తప్పకపోతే వాటిమీద వరిగడ్డి గానీ తాటాకు గానీ పరిచి తడపొచ్చు, పైన తెల్లటి సున్నం కొట్టొచ్చు. కప్పు ఎత్తుగా వేసి, నడికొప్పు దగ్గర వేడిగాలి పైకి పోయేలా సందు వదిలితే మరీ మంచిది.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. మన గుంటూరు వైపు మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఉదయం, సాయంత్రం ఎండ చిన్న వైపుల నుంచే పడుతుంది, మధ్యాహ్నం నీడ షెడ్డు కిందే ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా కడితే పొద్దున ఒక పక్కంతా, సాయంత్రం ఇంకో పక్కంతా ఎండ లోపలికి దూరుతుంది. నేల త్వరగా ఆరుతుందని అలా కట్టుకునేవాళ్లూ ఉన్నారు. తిరగడానికి చోటుండి ఆవులు నీడ వెంట జరగగలిగితే అదీ పనికొస్తుంది. పలుపుతో కట్టేసినవి జరగలేవు కదా.

వేడితో పాటు గాలిలో తేమనూ చూడాలి. ఒక రోజు అనంతపురంలో 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 30 శాతం అనుకోండి. మచిలీపట్నంలో 32 డిగ్రీలే, కానీ తేమ 80 శాతం. ఆవుకు ఎక్కడ కష్టం? వేడినీ తేమనూ కలిపి ఒకే అంకెగా చెప్పే సూచిక ఒకటుంది, టీహెచ్‌ఐ అంటారు. ఆ లెక్క కడితే రెండు చోట్లా 86 దగ్గరే తేలుతుంది. ఆ అంకె 72 దాటితే చాలు, పాలావుకు ఇబ్బంది మొదలైనట్టే. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే అప్పటికే 72. మనం దుప్పటి కప్పుకుని హాయిగా పడుకునే వేడి అది!

అంకె ఒకటే అయినా వైద్యం ఒకటి కాదు. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, నీరు ఇట్టే ఆవిరైపోతుంది. వడగాలి వచ్చే వైపు గోనెపట్టాలు కట్టి తడిపితే లోపలికొచ్చే గాలి చల్లబడుతుంది. సన్నటి మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు అక్కడ బాగా పనిచేస్తాయి. అవే తెచ్చి మచిలీపట్నంలో పెడితే, అసలే ఉక్కగా ఉన్న షెడ్డులో తేమ ఇంకా పెరుగుతుంది, ఆ సన్నటి తుంపర వెంట్రుకల మీదే నిలిచి చర్మాన్ని తడపదు. కోస్తాలో కావలసింది నాలుగువైపులా తెరిచిన షెడ్డు, పెద్ద ఫ్యాన్లు, చర్మం దాకా తడిసే పెద్ద చుక్కల నీళ్లు. అమ్మేవాళ్లు మాత్రం రెండు చోట్లా ఫాగర్లే అమ్ముతారు.

నీళ్లు ఎలా కొట్టాలో కూడా లెక్క ఉంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. ఆవు నుంచి గంటకు వచ్చేది, వెయ్యి వాట్ల చొప్పున, 3,600 కిలోజౌళ్లు. అంటే గంటకు లీటరున్నర నీరు దాని ఒంటిమీద ఆవిరైతే చాలు! అదే లీటరు నీరు ఆవు మీంచి జారి, పది డిగ్రీలు వేడెక్కి కాలవలోకి పోతే పట్టుకెళ్లేది 42 కిలోజౌళ్లే. అందుకని గంటసేపు పైపు పట్టుకుని నిలబడక్కర్లేదు. ఒకటి రెండు నిమిషాలు బాగా తడిపి, నీళ్లు ఆపి, పది పదిహేను నిమిషాలు ఫ్యానుతో ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. నీళ్లు పొదుగు మీదుగా చన్నులకు కారకుండా చూసుకోవాలి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. 42 డిగ్రీల గాలిని పొడిగా ఉన్న ఒంటి మీదకు ఫ్యానుతో తోలితే మాత్రం దానికి వేడిని ఎక్కించినట్టే.

గేదెల సంగతి ఇంకా కష్టం. నల్లటి తోలు, పలచటి వెంట్రుకలు, చెమట గ్రంథులు ఆవుకన్నా తక్కువ. అందుకే చెరువు కనిపిస్తే చాలు, దిగిపోతాయి. మన వైపు చెరువులు చాలావరకు చేపల చెరువులైపోయాయి, పాపం వాటికి పైపు నీళ్లే దిక్కు. వేసవిలో గేదెలు ఎదకు వచ్చినా పైకి తెలియదు, చూడి నిలవదు.

ఒంగోలు ఆవు ఎండలో కూడా నిదానంగా నెమరేస్తుంది. మెడ కింద వేలాడే గంగడోలు, వదులు తోలు, పొట్టి తెల్లటి వెంట్రుకలు, బాగా పట్టే చెమట, ఇవన్నీ దానికి కలిసొచ్చాయి. ఆ జాతిని బ్రెజిల్ తీసుకెళ్లి నెల్లూరు పేరుతో నెలోర్ అని పిలుచుకున్నారు, ఇప్పుడు అక్కడి పశువుల్లో పెద్ద భాగం ఆ రక్తమే. అయితే గొప్పంతా తోలుదే అనుకోకండి. అది పాలు తక్కువిస్తుంది, అందుకే లోపల పుట్టే వేడీ తక్కువే.

మేతకూ వేడికీ లంకె ఉంది. తిన్న మూడు నాలుగు గంటలకు పొట్టలో మేత పులియడం బాగా సాగుతుంది. పొద్దున పదింటికి ఎండుగడ్డి నిండా వేస్తే, ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండతో కలుస్తుంది. అందుకే మీ నాయనమ్మ వేసవిలో తెల్లవారకముందే గాట్లో మేత వేస్తుంది, మిగతాది చీకటి పడ్డాక. మధ్యలో కాస్త పచ్చిగడ్డి, అంతే. పాలావు ఎండాకాలం రోజుకు వంద లీటర్ల నీళ్లయినా తాగేస్తుంది. తొట్టి ఎండలో ఉండి నీళ్లు కాగిపోతే అంత తాగదు. చెమటతో, చొంగతో లవణాలు పోతాయి కాబట్టి ఖనిజ మిశ్రమం, ఉప్పు కూడా కుడితిలో కలుపుతాం.

ఏసీ పెట్టొచ్చు కదా అని చిన్నోడు అడిగాడు. లెక్క కడదాం. టన్నున్నర ఏసీ తీసేసే వేడి సుమారు 5,300 వాట్లు. అంటే అయిదు ఆవుల ఒంటి వేడికే సరి, రేకుల సెగ లెక్కలో లేనే లేదు. పైగా ఏసీ పనిచేయాలంటే అన్ని వైపులా మూసేయాలి. మూసిన గదిలో పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కళ్లు మండిస్తుంది, ఊపిరితిత్తులు పాడు చేస్తుంది. ఆ కరెంటు బిల్లు డబ్బుతో కప్పు ఎత్తు పెంచుకోవచ్చు, పడమటి వైపు వరసగా వేప, కానుగ మొక్కలు నాటుకోవచ్చు. మొక్కలకు గుంతలు తవ్వించాను. మీరు వచ్చాక నాటుదాం.

ఇట్లు,
మీ తాతయ్య