కంపెనీ దివాలా తీస్తే డైరెక్టర్లకు ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

దివాలా పరిష్కార నిపుణుడిగా ఏదైనా కంపెనీ బాధ్యత చేపట్టిన మొదటి రోజున నేను అడిగేవి మూడే: బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాలీ బ్యాకప్, బోర్డు సమావేశాల మినిట్స్ పుస్తకం. ఆ రోజు డైరెక్టర్లు నన్ను అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు ప్రతిచోటా ఒకటే. ఇక జైలుకు వెళ్లాలా అని కొందరు బెంబేలెత్తుతుంటారు. కంపెనీ వేరు, మేము వేరు కదా అని మరికొందరు నిశ్చింతగా ఉంటారు. రెండూ తప్పే. వ్యాపారంలో నష్టం రావడం నేరం కాదు, కేవలం ఆ నష్టం కారణంగా డైరెక్టరు సొంత ఆస్తి పోదు. కంపెనీ ఇక నిలబడదని తెలిసిన రోజుకూ, జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) దివాలా దరఖాస్తును స్వీకరించిన రోజుకూ మధ్య వాళ్లు ఏం చేశారు, అంతకు ముందు ఏయే కాగితాల మీద సంతకాలు పెట్టారు అన్నదే అసలు ప్రశ్న.

అపోహ: మారటోరియం వచ్చిందంటే బ్యాంకు నా ఇంటి జోలికి రాదు.

మారటోరియం అంటే దివాలా ప్రక్రియ సాగినంత కాలం దావాలు, వసూళ్ల మీద ఉండే నిలుపుదల. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం అమల్లో ఉన్న రోజుల్లో, దాని 22వ సెక్షన్ కింద కంపెనీ మీదే కాక, కంపెనీ అప్పుకు ఇచ్చిన హామీల మీద వేసే దావాలు కూడా ఆగిపోయేవి. ఆ చట్టం 2016 డిసెంబరు 1తో పోయింది. కార్పొరేట్ దివాలా ప్రక్రియకు సంబంధించిన దివాలా స్మృతి నిబంధనలు అదే రోజున అమల్లోకి వచ్చాయి. కొత్త స్మృతిలోని 14వ సెక్షన్ మారటోరియం కంపెనీకి మాత్రమే రక్షణ ఇస్తుంది. హామీదారుకు అది వర్తించదని 2018లో చట్టాన్ని సవరించి స్పష్టం చేశారు, సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది ఆగస్టులో వి. రామకృష్ణన్ కేసులో అదే చెప్పింది. ఆపైన 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీ అప్పుకు వ్యక్తిగత హామీ ఇచ్చిన వారి మీద విడిగా దివాలా ప్రక్రియ నడిపే వీలు కూడా వచ్చింది. దాన్ని సవాలు చేసిన లలిత్ కుమార్ జైన్ కేసులో 2021 మేలో వచ్చిన తీర్పు ప్రమోటర్ల చివరి ఆశ మీద నీళ్లు చల్లింది: కంపెనీ పరిష్కార ప్రణాళికకు, అంటే కంపెనీని నిలబెట్టి అప్పులు ఎంతమేరకు తీర్చాలో చెప్పే పథకానికి, ఆమోదం లభించినంత మాత్రాన హామీదారు బాధ్యత తీరిపోదు.

లెక్కల్లో చూస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. కంపెనీ బ్యాంకుకు 50 కోట్లు బాకీ ఉందనుకుందాం. పరిష్కార ప్రణాళికలో బ్యాంకుకు 18 కోట్లు దక్కితే, మిగిలిన 32 కోట్ల కోసం బ్యాంకు హామీదారు దగ్గరకు వెళ్లవచ్చు. హామీదారు తన ఇల్లు అమ్మి కట్టినా, ఆ డబ్బును కంపెనీ నుంచి రాబట్టుకునే హక్కు అతనికి ఉండకూడదని చాలా ప్రణాళికల్లో ముందే రాసుకుంటారు. ఎస్సార్ స్టీల్ కేసులో అలాంటి షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ఇదంతా డైరెక్టరు పదవి వల్ల వచ్చిన బాధ్యత కాదన్నది గమనించాలి. లోను తీసుకునే రోజున, బ్యాంకు మేనేజరు చూపించిన చోటల్లా చదవకుండా పెట్టిన సంతకాల వల్ల వచ్చినది. ప్రమోటరు భార్య, వృద్ధురాలైన తల్లి కూడా హామీదారులుగా ఉన్నారని ఆ కుటుంబానికి నోటీసు వచ్చాకే తెలిసిన సందర్భాలు నాకు ఒకటికి నాలుగు ఎదురయ్యాయి.

అపోహ: తీసుకున్న అప్పే కదా తీర్చాను, అందులో తప్పేముంది?

నా పనిలో ఎక్కువ సమయం ఈ ప్రశ్న దగ్గరే గడుస్తుంది. లెడ్జరు తెరిస్తే కనిపించే దృశ్యం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: నాలుగు నెలలుగా జీతాలు లేవు, ముడిసరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు పేరుకుపోయాయి, బ్యాంకు వాయిదాలు ఆగిపోయాయి, అదే నాలుగు నెలల్లో డైరెక్టరు బావమరిది ఇచ్చిన చేబదులు మాత్రం మూడు విడతల్లో, ఆఖరి రూపాయితో సహా తీరిపోయింది. ఆ అప్పు నిజమైనదే, చెక్కు ద్వారానే కట్టారు, దాచిందేమీ లేదు. అయినా దివాలా స్మృతి 43వ సెక్షన్ ప్రకారం అది పక్షపాత చెల్లింపు కావచ్చు. లిక్విడేషన్‌లో, అంటే కంపెనీని మూసి ఆస్తులు అమ్మి పంచేటప్పుడు, తన వరుస వచ్చేదాకా ఆగితే దక్కేదానికంటే ఒక రుణదాతకు మెరుగైన స్థానం కల్పించడాన్నే చట్టం తప్పుపడుతుంది. సంబంధీకులకు చేసిన చెల్లింపులైతే దివాలా ప్రక్రియ మొదలైన తేదీకి ముందు 2 ఏళ్లు, ఇతరులవైతే 1 సంవత్సరం వెనక్కు వెళ్లి చూస్తాం. ఇక్కడ దురుద్దేశం నిరూపించనక్కర్లేదని 2020 ఫిబ్రవరిలో జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో కంపెనీ తన భూములను మాతృసంస్థ అప్పుల కోసం తాకట్టు పెట్టింది. రోజువారీ వ్యాపారంలో భాగంగా జరిగిన చెల్లింపులకు మినహాయింపు ఉంది, అయితే బావమరిది చేబదులు ఆ కోవలోకి వస్తుందని ట్రైబ్యునల్‌ను ఒప్పించడం అంత తేలిక కాదు.

పక్షపాత చెల్లింపు రుజువైతే సాధారణంగా డబ్బు తిరిగి ఇవ్వాల్సింది దాన్ని అందుకున్నవారు. డైరెక్టరు జేబుకు నేరుగా చిల్లు పెట్టేది 66వ సెక్షన్. రుణదాతలను మోసగించే ఉద్దేశంతో వ్యాపారం నడిపారని తేలితే, తెలిసి అందులో పాలుపంచుకున్న ఎవరినైనా కంపెనీ ఆస్తికి డబ్బు జమచేయమని ట్రైబ్యునల్ ఆదేశించగలదు. అంతకంటే ఎక్కువ మంది డైరెక్టర్లకు తగిలేది అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్, దానికి మోసమే అక్కర్లేదు. దివాలాను తప్పించుకునే ఆస్కారం ఇక లేదని డైరెక్టరుకు తెలిసినా, లేదా తెలిసి ఉండాల్సినా, ఆ తర్వాత రుణదాతల నష్టాన్ని తగ్గించడానికి తగిన శ్రద్ధ చూపకపోతే చాలు. తగిన శ్రద్ధ అంటే ఏమిటో చట్టం అంకెల్లో చెప్పదు. అదే పదవిలో ఉన్న మరో వ్యక్తి నుంచి సహేతుకంగా ఆశించదగినంత అని మాత్రం అంటుంది. సరుకు పంపే స్తోమత లేదని తెలిసి కూడా కొనుగోలుదారుల నుంచి కొత్త అడ్వాన్సులు తీసుకోవడం ఆ శ్రద్ధ కాదని మాత్రం ఎవరైనా చెప్పగలరు. ప్రతి వారం నగదు రాకపోకలను చూసుకుని, అరువు మీద కొత్త ఆర్డర్లు పెట్టడం ఆపి, బ్యాంకుతో మాట్లాడి, ఆ నిర్ణయాలన్నింటినీ కారణాలతో సహా మినిట్స్‌లో రాసి పెట్టిన డైరెక్టరు మీద 66వ సెక్షన్ దరఖాస్తు వేయాలంటే నేను రెండుసార్లు ఆలోచిస్తాను.

ఈ విషయంలో మన చట్టం సగంలో ఆగిందని నా అభిప్రాయం. జర్మనీలో చెల్లింపులు చేయలేని స్థితికి చేరిన కంపెనీ యాజమాన్యం గరిష్ఠంగా 3 వారాల్లో దివాలా దరఖాస్తు వేసి తీరాలి. ఆస్ట్రేలియా 2017లో, కంపెనీని నిలబెట్టడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించే డైరెక్టర్లకు చట్టపరమైన రక్షణ కల్పించింది. మన దగ్గర 10వ సెక్షన్ కింద కంపెనీ తనంతట తాను దరఖాస్తు వేసుకోవచ్చు, వేసి తీరాలన్న గడువు లేదు; ప్రయత్నించేవారికి ప్రత్యేక రక్షణా లేదు. ఫలితంగా నిజంగా పోరాడినవాడూ, కాలం సాగదీసినవాడూ కాగితం మీద ఒకేలా కనిపిస్తారు.

అపోహ: బోర్డు పోయింది కాబట్టి నాకిక ఏ సంబంధమూ లేదు.

బోర్డు రద్దు కాదు, దాని అధికారాలు మాత్రం తాత్కాలికంగా నిలిచిపోతాయి. సమాచారం, రికార్డులు అప్పగించి సహకరించాల్సిన బాధ్యత 19వ సెక్షన్ కింద అలాగే ఉంటుంది. నేను వెళ్లేసరికి సర్వరు పాడైపోవడం, ఆ పాడైపోవడం కూడా సరిగ్గా ఉత్తర్వు వచ్చిన వారంలోనే జరగడం ఈ వృత్తిలో ఎవరికీ ఆశ్చర్యం కలిగించని యాదృచ్ఛికం. రికార్డులు ఇవ్వకుండా దాచిపెడితే 70వ సెక్షన్ కింద 3 నుంచి 5 ఏళ్ల జైలుశిక్షకు కూడా అవకాశముంది. అదే సమయంలో, అధికారాలు నిలిచిపోయిన డైరెక్టర్లకు హక్కులూ ఉన్నాయి: రుణదాతల కమిటీ సమావేశాలకు హాజరు కావచ్చు, ఓటు ఉండదు, పరిష్కార ప్రణాళికల ప్రతులు వారికి ఇవ్వాలని 2019 జనవరిలో విజయ్ కుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ హక్కును వాడుకునేవాళ్లు తక్కువ.

అపోహ: రాజీనామా చేస్తే చాలు.

చాలదు. పదవిలో ఉన్న కాలంలో జరిగిన తప్పులకు రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని కంపెనీల చట్టం 168వ సెక్షన్ చెబుతోంది.

అపోహ: కొత్త యజమాని రాగానే పాత కేసులన్నీ మాఫీ.

కంపెనీకి మాఫీ, అదీ యాజమాన్యం నిజంగా చేతులు మారితేనే. 32ఏ సెక్షన్ ఉద్దేశం కొత్తగా వచ్చినవారికి పాత పాపాలు అంటకుండా చూడటం. ఆ పాపాలు చేసిన వ్యక్తులను అది వదిలిపెట్టదు. చెక్కు బౌన్స్ కేసుల్లోనూ అంతే. మారటోరియం సమయంలో కంపెనీ మీద కేసు ఆగుతుంది, సంతకం పెట్టిన డైరెక్టరు మీద ఆగదని 2021 మార్చిలో పి. మోహన్‌రాజ్ కేసులో తీర్పు వచ్చింది.

అపోహ: చట్టం ఇప్పటికే కుదురుకుంది, ఇకపై మార్పులుండవు.

2021లో చిన్న, మధ్యతరహా సంస్థలకు తెచ్చిన ప్రీ-ప్యాక్ విధానంలో (రుణదాతలతో ముందే ఒక అవగాహనకు వచ్చి దరఖాస్తు వేసే పద్ధతి) కంపెనీ నిర్వహణ బోర్డు చేతిలోనే ఉంటుంది. మోసమో, తీవ్రమైన దుర్నిర్వహణో బయటపడితే రుణదాతలు దాన్ని లాక్కునేలా ఏర్పాటుంది. 2025 ఆగస్టు 12న లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, కోర్టు బయట రుణదాతలే మొదలుపెట్టే ప్రక్రియలోనూ బోర్డును కొనసాగించాలని ప్రతిపాదించింది. అందులోని మరో ప్రతిపాదన మీద డైరెక్టర్లు ఎక్కువ దృష్టి పెట్టాలి. దివాలా దరఖాస్తును 14 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఆచరణలో నెలల తరబడి సాగేది. ఆ జాప్యంలో పాత లావాదేవీలు 2 ఏళ్ల పరిధి దాటి జారిపోయేవి. ఆ లెక్కను దరఖాస్తు దాఖలైన తేదీ నుంచి వెనక్కు చూడాలని, దరఖాస్తు పెండింగులో ఉన్న కాలాన్నీ కలుపుకోవాలని ఆ బిల్లు ప్రతిపాదించింది.