సోలినాయిడ్ వాల్వ్‌కు మోడల్ కావాలా, డేటా చాలా? గొడవంతా చివరి మిల్లీమీటరు దగ్గరే

కార్లలోని సోలినాయిడ్ వాల్వ్‌ల (కాయిల్‌లో కరెంటు పారితే పుట్టే అయస్కాంత బలంతో కదిలే వాల్వ్‌లు) కంట్రోల్‌పై పాత వాదన మళ్లీ రాజుకుంది. బోలెడన్ని కొలతలతో న్యూరల్ నెట్‌వర్క్‌కు (డేటా నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు) నేర్పిస్తే చాలు, సమీకరణాలతో కుస్తీ ఎందుకని ఒక పక్షం అంటోంది. మోడల్, అంటే వాల్వ్ ఎలా కదులుతుందో చెప్పే సమీకరణాలు, లేకుండా ఫీడ్‌బ్యాక్‌ను (కొలిచి చూస్తూ సరిదిద్దడాన్ని) నమ్మలేమని రెండో పక్షం. ఇలాంటి వాల్వ్‌లు వాడిన 1967 నాటి డీ-జెట్రానిక్ ఇంధన ఇంజెక్టర్లు, 1978లో వచ్చిన బాష్ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) గురించి ఈ రంగంలో తెలియనివారు లేరు. కానీ ఈ తగాదా అర్థం కావాలంటే క్యామ్‌షాఫ్ట్ (ఉబ్బెత్తు క్యామ్‌లతో వాల్వ్‌లను తెరిచే ఇరుసు) లేకుండా, వాల్వ్‌లను ఎలక్ట్రోమాగ్నెట్లే కదిపే ఇంజిన్ కోసం పడిన పాట్లు చూడాలి.

ఆ డిజైన్ చూడటానికి చాలా సులువు. ఎదురెదురుగా రెండు స్ప్రింగులు, రెండు ఎలక్ట్రోమాగ్నెట్లు, వాటి మధ్య ఆర్మేచర్ అనే ఇనుప పలక. ఒక మాగ్నెట్ వదలగానే స్ప్రింగ్ తోస్తుంది, అవతలి మాగ్నెట్ పట్టుకోవాలి. ఇంజిన్ వాల్వ్ సుమారు 8 మిల్లీమీటర్ల దూరాన్ని 3, 4 మిల్లీసెకన్లలో దాటాలి. అంటే సగటు వేగమే సెకనుకు 2 మీటర్లు, అంతకు పైన. ఆనే క్షణానికి అది సెకనుకు 0.1 మీటరుకు పడిపోవాలి. లేకపోతే ప్రతిసారీ దెబ్బ, చప్పుడు, అరుగుదల. మరీ తగ్గిందా, మాగ్నెట్‌కు అందకుండానే స్ప్రింగ్ వెనక్కి లాగేసుకుంటుంది.

కష్టమంతా మాగ్నెట్‌కు, ఆర్మేచర్‌కు మధ్య ఉన్న గ్యాప్‌తోనే. కరెంటు మారకుండా గ్యాప్ సగమైతే లాగే బలం దాదాపు నాలుగింతలవుతుంది, ఇనుము సంతృప్తమయ్యేదాకా (ఇంకా అయస్కాంతీకరణ పెరగని స్థితికి చేరేదాకా) ఇదే లెక్క. దూరంగా ఉన్నప్పుడు మాగ్నెట్ ఎంత గుంజినా బలం చాలదు. దగ్గరికొచ్చాక మాత్రం పట్టపగ్గాలుండవు. కరెంటును బిగించి పట్టుకుంటే ఇంకా ముప్పు. కదిలే ఆర్మేచర్ కాయిల్‌లో ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును తగ్గిస్తుంది, ఆ సహజమైన బ్రేకును మన చేతులతో మనమే తీసేసినట్టవుతుంది. అందుకే చాలామంది కరెంటు బదులు ఫ్లక్స్‌పై, అంటే మాగ్నెట్ గుండా సాగే అయస్కాంత ప్రవాహంపై, దృష్టి పెట్టారు. ఫ్లక్స్ స్థిరంగా ఉంటే బలం గ్యాప్‌ను పెద్దగా పట్టించుకోదు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

2004లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ పీటర్సన్, అన్నా స్టెఫానోపౌలౌ ఇంకో అడుగు ముందుకేశారు. వాల్వ్ ఆనేటప్పుడు వచ్చే చప్పుడును మైక్రోఫోన్‌తో విని, దాన్నిబట్టి ప్రతి సైకిల్‌కూ కంట్రోలర్‌ను సవరించారు. డేటా పక్షం ఈ పనిని తమ ఖాతాలో వేసుకోవచ్చు. కానీ ఆ సవరణ కింద ఉన్నది నాన్‌లీనియర్ ఫీడ్‌బ్యాక్, అంటే సమీకరణాల ఆధారంగా కట్టిన కంట్రోలర్. నేర్చుకోవడం దానిపై జరిగిందే తప్ప దాని స్థానంలో కాదు.

క్యామ్‌షాఫ్ట్ లేని ఆ ఎలక్ట్రోమాగ్నెట్ వాల్వ్‌లు భారీ ఉత్పత్తికి చేరలేదు. బీఎండబ్ల్యూ 2001లో వాల్వ్‌ట్రానిక్‌తో, ఫియట్ 2009లో మల్టీఎయిర్‌తో క్యామ్‌ను ఉంచుకునే దారి చూసుకున్నాయి. మల్టీఎయిర్‌లో సోలినాయిడ్ పని క్యామ్‌కు, వాల్వ్‌కు మధ్య ఉన్న నూనెను ఆపడం, వదలడం.

పాఠం మాత్రం ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజెక్టర్లలో పనికొచ్చింది. చిన్న మోతాదు ఇంధనం కావాల్సినప్పుడు సూది పూర్తిగా తెరుచుకోకముందే మూసేయాలి. అక్కడ పొజిషన్ సెన్సర్‌కు చోటుండదు. అయితే ఆసిలోస్కోప్‌లో (వోల్టేజీని గీతగా చూపే పరికరంలో) కాయిల్ వోల్టేజీని చూస్తే, మెల్లగా దిగే గీతలో ఒకచోట చిన్న వంపు ఉంటుంది. ఆర్మేచర్ ఠక్కున ఆగిన క్షణం అదే. ఎక్కడ వెతకాలో మోడల్ చెబితేనే ఆ వంపు చుట్టూ ఉన్న నాయిస్‌లో కలిసిపోకుండా దొరుకుతుంది.

డేటా పక్షం చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. హిస్టరిసిస్ (ఇనుములో మిగిలిపోయే అయస్కాంతత్వపు ప్రభావం), ఎడ్డీ కరెంట్లు (మారే ఫ్లక్స్ వల్ల ఇనుములో పుట్టే సుడి కరెంట్లు), ఒక్కో వాల్వ్‌కూ తయారీలో వచ్చే తేడాలు సమీకరణాల్లో సరిగా ఇమడవు. ఉష్ణోగ్రత సంగతీ అంతే. 100 డిగ్రీలు పెరిగితే రాగి కాయిల్ నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది, దాంతో వోల్టేజీ నుంచి లెక్కగట్టే ఫ్లక్స్ అంచనా దారి తప్పుతుంది. ఆ నిరోధాన్ని నడుస్తుండగానే సరిచేసుకోవడం నేర్చుకునే పద్ధతులకు బాగా అప్పజెప్పదగిన పని. కానీ చల్లటి కాయిల్‌తోనే శిక్షణ పొందిన నెట్‌వర్క్‌కు వాల్వ్ మొత్తాన్ని వదిలేస్తే, వేడెక్కిన ఇంజిన్‌లో అదే వోల్టేజీకి తక్కువ కరెంటు ఎందుకొస్తోందో దానికి ఎవరు చెబుతారు?