అడగాల్సింది తుంటి ఎముకని: బూస్టర్ సీటు ఎప్పుడు మానాలి?

ఎనిమిదో పుట్టినరోజు దాటిందో లేదో చాలా ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "ఇంక కార్లో ఆ బూస్టర్ సీటు తీసేయొచ్చా?" బూస్టర్ అంటే కారు బెల్టు పిల్లలకి సరిగ్గా కుదిరేలా వాళ్లని పైకి లేపి కూర్చోబెట్టే చిన్న సీటు. అడిగేవాళ్లు వయసు చెబుతారు, కాస్త చదివినవాళ్లు ఎత్తు చెబుతారు. తుంటి ఎముక ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఎత్తు లెక్కలు ముందు ముగించేద్దాం. అమెరికాలో వాడుకలో ఉన్న అంకె 145 సెం.మీ., అంటే 4 అడుగుల 9 అంగుళాలు. బ్రిటన్ చట్టంలో 135 సెం.మీ. లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. జర్మనీలో 150 సెం.మీ. లేదా 12 ఏళ్లు. ఒకే రకం ఎముకలున్న పిల్లలకి మూడు చోట్ల మూడు గీతలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో 8 ఏళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు సుమారు 127 సెం.మీ.; 145 వచ్చేది పదకొండేళ్ల ప్రాంతంలో. ఎనిమిదికే బూస్టర్ తీసేసేవాళ్లు దాదాపు జానెడు తొందరపడుతున్నట్టు.

ఇక అసలు సంగతి. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని వేళ్లు ముందుకీ కిందికీ జరపండి. పొట్టకి రెండు పక్కలా గట్టి బొడిపెలు తగులుతాయి. తుంటి ఎముకలో ఇలియం అనే భాగం ముందు కొనలవి. సీటు బెల్టులో నడుము పట్టీ ఈ బొడిపెలకి కింద, తొడల మొదట్లో ఆనుకుని ఉండాలి. గోడకున్న చిలక్కొయ్య సంచి పట్టీని ఎలా జారనివ్వదో, కారు గుద్దుకుని ఒళ్లు ముందుకి విసురుకున్నప్పుడు ఈ రెండు కొనలూ నడుము పట్టీని పైకి జారనివ్వవు. బెల్టు మనిషిని ఆపుతుందని అంటాం గానీ, బెల్టుకి పట్టు దొరికేది ఈ కొయ్యల దగ్గరే.

వాటి మీద పడే బరువెంతో చూడండి. గంటకి 50 కి.మీ. అంటే సెకనుకి 13.9 మీటర్లు. కారు ముందు భాగం నలగడం, బెల్టు సాగడం అంతా కలిపి పిల్లవాడు 0.8 మీటర్ల దూరంలో ఆగాడనుకుందాం. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే సగటు రుణత్వరణం (వేగం తగ్గే రేటు) గురుత్వ త్వరణానికి దాదాపు 12 రెట్లు వస్తుంది. 30 కిలోల పిల్లవాణ్ణి అలా ఆపాలంటే బెల్టు మొత్తం మీద 3,600 న్యూటన్లు కావాలి, అంటే సుమారు 370 కిలోల బరువు. ఇది సగటే, గరిష్ఠం దీన్ని మించుతుంది. ఇందులో నడుము పట్టీ వంతు ఎముక మోస్తుందా, పేగులు మోస్తాయా?

చిలక్కొయ్య నుంచి పట్టీ జారడానికి మూడు కారణాలుంటాయి: కొయ్య మొద్దుగా ఉండటం, కొయ్య వాలిపోయి ఉండటం, పట్టీని అసలు కొయ్యకి పైన ఎక్కడో వేయడం. చిన్నపిల్లల్లో ఈ మూడూ కలిసే వస్తాయి.

మొదటిది ఎదుగుదలకి సంబంధించింది. పిల్లల తుంటి ఎముక ఒకటి కాదు, మూడు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే ముక్కలు తొడ ఎముక తల కూర్చునే గిన్నె దగ్గర మృదులాస్థితో అతుక్కుని ఉంటాయి, గట్టిగా ఒక్కటయ్యేది పదమూడు పదిహేనేళ్ల ప్రాంతంలో. ముందు కొనలు కూడా మొదట గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి. పదేళ్ల తర్వాతగానీ పట్టీని ఆపేంత తేరవు. బడి ప్రయోగశాలలో వేలాడేది ఎప్పుడూ పెద్దవాళ్ల అస్థిపంజరమే. పిల్లల ఎముకలంటే వీటికే చిన్న సైజు అనే నమ్మకం మనలో అక్కడే పడుతుందేమో. పిల్లల అస్థిపంజరం బొమ్మ ఒకటి పక్కన పెట్టి పాఠం చెబితే బాగుండు.

రెండోది, కొయ్య వాలడం. ఇదే అన్నిటికన్నా ఆసక్తికరం, ఎక్కువమందికి తెలియనిది కూడా. కారు వెనక సీటు పెద్దల తొడ పొడవుకి తయారైంది. వీపు ఆనే చోటు నుంచి ముందు అంచుదాకా చాలా కార్లలో 45 సెం.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. తొడ అంతకన్నా పొట్టిగా ఉంటే మోకాలు సీటు మీదే ఉండిపోతుంది, వంగడానికి చోటుండదు. కాళ్లు కర్రల్లా చాచి ఎంతసేపు కూర్చుంటారు? పిల్లలు మెల్లగా ముందుకి జారతారు, మోకాళ్లు అంచు దాటి వంగేదాకా. అలా జారినప్పుడు కటి, అంటే రెండు తుంటి ఎముకలూ ఉన్న భాగం, వెనక్కి దొర్లుతుంది, నడుము గూనిలా వంగుతుంది. ముందుకి నిలబడాల్సిన కొయ్య వెనక్కి వాలిపోతుంది. పట్టీకి ఇక అడ్డం లేదు. అది కొన మీదుగా ఎక్కి మెత్తటి పొత్తికడుపులోకి దిగుతుంది. ఒళ్లు బెల్టు కింద నుంచి ముందుకి దూసుకుపోతుంది. ఇంజనీర్లు దీన్ని సబ్‌మెరైనింగ్ అంటారు. "సరిగ్గా కూర్చో" అని కసిరితే ఐదు నిమిషాలు కూర్చుంటారు. లోపం పిల్లల బుద్ధిలో లేదు, సీటు లోతులో ఉంది.

మూడోది, పట్టీ ఉన్న చోటు. పిల్లలు కింద కూర్చుంటే పట్టీ దాదాపు అడ్డంగా పొట్ట మీద నుంచి వెళుతుంది. పైకి లేపి కూర్చోబెడితే అదే పట్టీ తొడల మీద నుంచి నిటారుగా కిందికి దిగుతుంది, పట్టు ఎముక మీద పడుతుంది.

పొట్ట మీద బెల్టు పడితే జరిగేవాటికి వైద్యంలో సీటు బెల్టు సిండ్రోమ్ అని పేరు: పొత్తికడుపు అడ్డంగా కమిలిన చార, లోపల చిరిగిన పేగు, కొన్నిసార్లు బెల్టు మీదుగా ముందుకి మడత పడి అడ్డంగా చీలిన నడుము వెన్నుపూస. ఆ చీలికని 1948లో వర్ణించిన రేడియాలజిస్టు పేరు మీద దాన్ని ఛాన్స్ ఫ్రాక్చర్ అంటారు. ప్రమాదం తర్వాత పొట్ట మీద ఆ చార కనిపిస్తే, నొప్పి లేదని పిల్లలు చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. పేగు గాయం కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు.

ఇప్పుడు బూస్టర్ ఏం చేస్తోందో స్పష్టంగా కనిపిస్తుంది. ఎత్తు పెంచడం దాని పనిలో ఒక వంతే. దాని సీటు లోతు తక్కువ కాబట్టి మోకాలు హాయిగా వంగుతుంది, కటి నిటారుగా ఉంటుంది. పక్కనున్న గాడులు నడుము పట్టీని తొడల మీద అదిమి ఉంచుతాయి. మొద్దు కొయ్యని అది పెంచలేదు. మిగతా రెండు లోపాలనీ సరిచేసి ఆ కొయ్యతోనే నెట్టుకొస్తుంది. బూస్టర్ మానడమంటే ఈ పనులన్నీ పిల్లల ఒంటికీ కారు సీటుకీ అప్పగించడం. ఆ రెండూ సిద్ధంగా ఉన్నాయో లేదో పరీక్షించాలి.

చెప్పులు విప్పించి, నడుము వెనక్కి పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టండి. మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, పాదాలు నేలకి ఆనాలి. నడుము పట్టీ తొడల మొదట్లో ఉండాలి, వేలితో తడిమితే బొడిపె దానికి పైన తగలాలి. భుజం పట్టీ మెడకీ భుజం అంచుకీ మధ్యన, మెడ కింది ఎముక మీదుగా, ఛాతీ నడిమికి రావాలి. తల వెనక ఆసరా చెవుల ఎత్తుకైనా ఉండాలి. చివరిది అన్నిటికన్నా కష్టం: ప్రయాణం అయ్యేదాకా, నిద్రలో కూడా, అలాగే ఉండాలి. అందుకే ఇంటి ముందు ఆగిన కారులో చేసే పరీక్ష సగమే. అరగంట ప్రయాణం తర్వాత మళ్లీ చూడండి. ఒక్కటి తప్పినా బూస్టర్ ఉండాల్సిందే.

టేపుతో కూడా తేల్చుకోవచ్చు. సీటు లోతు కొలవండి. పిల్లల్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి గోడ నుంచి మోకాలి మడత దాకా కొలవండి. రెండోది మొదటిదానికన్నా తక్కువైతే జారడం ఖాయం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి మొండెం పొడుగు. కాళ్లు పొడుగున్నవాళ్లకి మోకాలు కుదిరి భుజం పట్టీ మెడకి కోసుకోవచ్చు, రెండోవాళ్లకి సరిగ్గా తిరగబడొచ్చు. 145 దాటినా తొడ చాలనివాళ్లుంటారు.

మెడకి కోసుకుంటోందని పిల్లలు చేసే పని పట్టీని చంక కిందికో, వీపు వెనక్కో నెట్టడం. వీపు వెనక ఉంటే పైభాగాన్ని ఆపేది ఏదీ లేదు, తల వెళ్లి ముందు సీటుకి తగులుతుంది. చంక కింద ఉంటే పక్కటెముకలు, వాటి వెనకున్న కాలేయం, ప్లీహం దెబ్బతింటాయి. భుజం పట్టీని కిందికి లాగే క్లిప్పులు దొరుకుతాయి, కొనకండి. అవి భుజం పట్టీని నడుము పట్టీతో ముడేస్తాయి, దాంతో నడుము పట్టీ పొట్ట మీదికి లేస్తుంది. దిండు, మడత పెట్టిన దుప్పటి కూడా బూస్టర్‌కి బదులు కావు. గుద్దుకున్నప్పుడు నలిగి బెల్టు వదులవుతుంది, లేదా ఒంటి కింద నుంచి జారిపోతుంది. నడుము పట్టీ మాత్రమే ఉన్న మధ్య సీటులో బూస్టర్ అసలు వాడకూడదు.

ఒక కారులో పరీక్ష నెగ్గినంత మాత్రాన ఇంకో కారులో నెగ్గినట్టు కాదు. అదే కారులో కూడా పక్క సీటు వేరు, మధ్య సీటు వేరు. కాబట్టి సొంత కారులో మానేశాక కూడా వీపు లేని బూస్టర్ ఒకటి ఉంచుకోవడం మంచిది, లోతు సీట్లున్న కారు ఎక్కినప్పుడు పనికొస్తుంది. ఎవరూ కూర్చోనప్పుడు దానికి కూడా బెల్టు పెట్టాలి, లేదంటే గట్టి బ్రేకుకి గాల్లోకి లేస్తుంది. పెద్ద ప్రమాదంలో ఉన్న బూస్టర్ పైకి బాగానే కనిపించినా పారేయండి. ఇక బూస్టర్ మానడం, ముందు సీటుకి మారడం వేర్వేరు నిర్ణయాలు: బెల్టు చక్కగా కుదిరినా 13 ఏళ్లు వచ్చేదాకా వెనక సీటే.