మంత్రిగారి జవాబును ఎలా చదవాలి?

చిరంజీవులకు అనేక ఆశీస్సులు.

మొన్న టీవీలో పార్లమెంటు సమావేశం చూస్తూ మీరు అడిగిన మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. "తాతయ్యా, ఆయన అడిగింది ఒకటి, మంత్రిగారు చెప్పింది ఇంకొకటి. ఈ మాత్రానికి అడగడం ఎందుకు?" అన్నారు. ఆ పూట ఏదో చెప్పి దాటవేశాను, అంటే నేనూ మంత్రిగారి పనే చేశానన్నమాట. ఆ బాకీ తీర్చుకుందామని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చట్టసభలో ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగినట్టు రికార్డుకెక్కిన మొదటి సందర్భం 1721లో బ్రిటన్ ప్రభువుల సభలో వచ్చింది. సౌత్ సీ కంపెనీ అనే వ్యాపార సంస్థ కుప్పకూలి వేలమంది డబ్బు పోగొట్టుకున్న రోజులవి. ఆ కంపెనీ ప్రధాన క్యాషియర్ రాబర్ట్ నైట్ దేశం విడిచి పారిపోయాడనీ, బ్రస్సెల్స్‌లో పట్టుబడ్డాడనీ వినిపిస్తున్నది నిజమేనా అని ఎర్ల్ కూపర్ అనే సభ్యుడు లేచి అడిగాడు. ఆ మొదటి ప్రశ్నే సరిహద్దు దాటిన వ్యవహారం గురించి కావడం నాకు ఎప్పుడూ తమాషాగా అనిపిస్తుంది.

తమాషా మాట ఎలా ఉన్నా, సరిహద్దు దాటిన వ్యవహారాల్లో ప్రశ్నకు ఉన్న అవసరం ఇంకెక్కడా లేదు. రోడ్డు వేయకపోతే ఆ దారిన నడిచేవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, అతను తర్వాతి ఎన్నికల్లో తన కోపం చూపించగలడు కూడా. పరాయి దేశపు జైలులో మగ్గుతున్న కూలీ సంగతి, మన ప్రభుత్వం ఆయుధాలు అమ్మిన దేశంలో ఆ ఆయుధాలకు బలైనవారి సంగతి అలా తెలియవు. ఆ నిర్ణయాలు జరిగేది మూసిన గదుల్లో, వాటి దెబ్బ తగిలేవారికి చాలాసార్లు ఇక్కడ ఓటే ఉండదు. వారి తరఫున ఎవరో ఒక సభ్యుడు నోరు తెరిస్తే తప్ప వారి సంగతి సభ లోపలికి రాదు.

మన లోక్‌సభలో ఈ పని ఎలా జరుగుతుందో చెబుతాను. సభ ఉదయం 11 గంటలకు మొదలవుతుంది, మొదటి గంట ప్రశ్నోత్తరాలది. రాజ్యసభలో 2014 నుంచి దాన్ని మధ్యాహ్నం 12 గంటలకు మార్చారు. ప్రశ్న వేయదలచిన సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. శాఖలను జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు కాబట్టి విదేశాంగ మంత్రి ఏ రోజు జవాబు చెప్పాలో ముందే తెలిసిపోతుంది. ఎవరి ప్రశ్న ముందు రావాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, గుర్తు లేనిదానికి కాగితం మీద వస్తుంది. లోక్‌సభలో రోజుకు నక్షత్ర ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. ఆ ఇరవైలోనూ అయిదారు పూర్తయ్యేసరికే చాలా రోజుల్లో పన్నెండు కొడుతుంది, మిగిలినవాటికి కాగితమే గతి.

ప్రశ్న ఎలా ఉండాలో కూడా సభా నియమాలు చెబుతాయి. 150 మాటలు దాటకూడదు, వాదన చేయకూడదు, వ్యంగ్యం ఆడకూడదు, ఊహాజనితమైన సంగతి అడగకూడదు. స్నేహపూర్వక విదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదని కూడా ఒక నియమం ఉంది. ఏ దేశం మనకు స్నేహితుడో తేల్చేది ప్రభుత్వమే కాబట్టి, మానవ హక్కుల గురించి అడగబోయే సభ్యుడు ఈ నియమం దగ్గర మాటలను కాస్త తూచి వాడవలసి వస్తుంది.

అయితే అసలు నేర్పు నియమాలు పాటించడంలో లేదు, ప్రశ్న కట్టడంలో ఉంది. "విదేశాల్లో ఉన్న మనవారి హక్కుల పట్ల ప్రభుత్వానికి శ్రద్ధ ఉందా?" అని అడిగారనుకోండి, "ఉంది" అని ఒక్క మాట చెప్పి మంత్రి కూర్చుంటారు, అందులో ఆయన తప్పు కూడా లేదు. అదే సంగతిని ఇలా అడిగి చూడండి: గత మూడేళ్లలో విదేశీ జైళ్లలో ఉన్న భారతీయులు దేశాలవారీగా ఎంతమంది, వారిలో విచారణ ఖైదీలు ఎందరు, మన రాయబార కార్యాలయం వారు స్వయంగా వెళ్లి కలిసినది ఎందరిని, కలవనివ్వని దేశాలు ఏవి? ఇప్పుడు మంత్రి అంకెలు ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వలేకపోతున్నారో చెప్పాలి, రెండింటిలో ఏది చేసినా మనకు కొంత తెలుస్తుంది. ఖైదీని అతని దేశపు అధికారులు కలిసే హక్కును 1963 నాటి వియన్నా ఒప్పందం గుర్తించింది కాబట్టి ఆ చివరి ముక్క ఊరికే అడిగినది కాదు. భారత్, పాకిస్తాన్ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. 2008లో కుదిరిన ఒప్పందం ఫలితం అది. పడవతో సహా పట్టుబడినవాడి పేరు ఒక జాబితాలో ఉందా లేదా అన్నది అతని ఇంటివారికి ప్రాణసమానమైన సంగతి.

ఇక జవాబు సంగతికి వద్దాం, మీరు విసుక్కున్నది అక్కడే కదా. కాగితం మీద వచ్చే జవాబు (ఎ), (బి), (సి), (డి) అని భాగాలుగా ఉంటుంది. మొదట చూడవలసింది ఆ భాగాలను విడివిడిగా చెప్పారా, "(ఎ) నుంచి (డి) వరకు" అని ఒకే మూట కట్టారా అన్నది. మూట కట్టారంటే అన్నిసార్లూ కాకపోయినా చాలాసార్లు ఏదో ఒక భాగం ఆ మూటలో జారిపోయి ఉంటుంది. ప్రశ్నను, జవాబును పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కొక్క భాగాన్ని జత చేసుకుంటూ పోతే జారిపోయినది మీకే కనబడుతుంది. తర్వాత "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న మాట ఒకటి ఉంది. మొదటి భాగానికి "లేదు" అని చెప్పేస్తే దాని మీద ఆధారపడిన మిగతా భాగాలన్నీ ఈ ఒక్క మాటతో రాలిపోతాయి. అందుకే తెలివైన సభ్యుడు మొదటి భాగంలో "లేదు" అనడానికి సందు ఇవ్వడు. విదేశీ జైళ్ల గురించి అడిగినప్పుడు వచ్చే ఇంకో పాత పరిచయస్తుడు, "అనేక దేశాల్లో వ్యక్తిగత గోప్యతా చట్టాలు కఠినంగా ఉన్నందున, ఖైదీ అంగీకరిస్తే తప్ప అక్కడి అధికారులు వివరాలు ఇవ్వరు" అన్న వాక్యం. అది నిజమే. కానీ ఆ నిజం చెప్పాక జాబితాలో ఉన్న అంకె అసలు లెక్క కాదనీ, తెలిసినంత మేరకు లెక్క మాత్రమేననీ మనం అర్థం చేసుకోవాలి.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అన్న జవాబును చూసి మాత్రం పెదవి విరవకండి. అది హామీ కింద లెక్క. ఇలాంటి హామీలను వెంటాడటానికి లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలల్లో హామీ తీర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. ఏళ్ల తరబడి తీరని హామీలూ లేకపోలేదు, అయినా మంత్రి తన నోటితో పెట్టుకున్న ముడి అది.

నోటి జవాబులో అసలు ప్రాణం అనుబంధ ప్రశ్నది. మొదటి జవాబును అధికారులు రాసి ఇస్తారు, మంత్రి చదువుతారు. దాని మీద సభ్యుడు లేచి అడిగే రెండో ప్రశ్న ఆ కాగితంలో ఉండదు. అధికారుల గ్యాలరీ నుంచి చీటీలు పరుగెత్తేది అప్పుడే. తన శాఖ మంత్రికి నిజంగా తెలుసా, లేక కాగితం మాత్రమే తెలుసా అన్నది ఆ రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ఇన్ని చెప్పాక కూడా "అడిగి ఏం లాభం?" అన్న మీ మాట అలాగే ఉంది. దానికి బ్రిటన్‌లో జరిగిన రెండు సంగతులు చెబుతాను.

1959 మార్చి 3న, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న కెన్యాలో, హోలా అనే నిర్బంధ శిబిరంలో 11 మంది ఖైదీలు చనిపోయారు. బండిలో తెచ్చిన నీళ్లు తాగిన తర్వాత చనిపోయారని అధికారులు ప్రకటన ఇచ్చారు. నీళ్లు తాగిన తర్వాత! ఆ మాటను ప్రతిపక్షం నమ్మలేదు. బార్బరా కాజిల్ వంటి సభ్యులు వలసల శాఖ మంత్రి అలన్ లెనాక్స్ బాయిడ్‌ను బ్రిటన్ దిగువ సభ అయిన కామన్స్ సభలో వదలకుండా అడిగారు. విచారణలో తేలినదేమిటంటే, పనికి వెళ్లబోమన్న ఖైదీలను కాపలావాళ్లు కర్రలతో కొట్టి చంపారు. జూలై 27 అర్ధరాత్రి దాటాక సాగిన చర్చలో పాలక పక్షానికే చెందిన ఇనాక్ పావెల్ లేచి, ఆఫ్రికాలో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి అంటే కుదరదని తన ప్రభుత్వాన్నే నిలదీశాడు. (ఇదే మనిషి తొమ్మిదేళ్ల తర్వాత వలస వచ్చినవారి మీద విషం కక్కే ప్రసంగం చేశాడు. మనుషులు అంత సులువుగా ఒక గంపలో ఇమడరు.) అంత జరిగినా ప్రభుత్వం పడిపోలేదు, ఏ మంత్రీ రాజీనామా చేయలేదు. ఆ రోజు గ్యాలరీలో మీరు ఉండి ఉంటే ఇదే మాట అడిగేవారు.

కానీ ఆ ప్రశ్నలు, ఆ జవాబులు, ఆ నీళ్ల బండి మాట అన్నీ అచ్చులో ఉండిపోయాయి. కెన్యా శిబిరాల్లో చిత్రహింసలు అనుభవించి ముసలివాళ్లయినవారు 2009లో లండన్ కోర్టుకు వెళ్లారు. వలస ప్రభుత్వం స్వదేశానికి తరలించి దాచిన దస్తావేజులు 2011లో బయటపడ్డాయి. 2013 జూన్ 6న విదేశాంగ మంత్రి విలియం హేగ్ అదే కామన్స్ సభలో నిలబడి, చిత్రహింసలు జరిగాయని ఒప్పుకుని విచారం వెలిబుచ్చాడు, 5,228 మందికి సంబంధించి కోర్టు ఖర్చులతో కలిపి 1 కోటి 99 లక్షల పౌండ్ల పరిహారం ప్రకటించాడు. నీళ్ల బండి ప్రకటన నుంచి ఆ రోజుకు 54 ఏళ్లు. ఆలస్యం కాదని నేను అనను. చాలామంది ఆ లోపే పోయారు.

రెండోది ఇరాక్ సంగతి. ఇరాన్, ఇరాక్ యుద్ధం చేసుకుంటున్నప్పుడు, ఆ రెండు దేశాలకు రక్షణ సామగ్రిలో ఏవి అమ్మవచ్చో ఏవి అమ్మకూడదో బ్రిటన్ 1984లో నియమాలు పెట్టుకుని, మరుసటి ఏడాది సభకు చెప్పింది. 1988 మార్చిలో సద్దాం హుస్సేన్ సైన్యం ఇరాక్‌లోనే ఉన్న హలబ్జా పట్టణం మీద విషవాయువు ప్రయోగించి వేలమంది కుర్దు జాతివారిని చంపింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్‌లో ముగ్గురు సహాయ మంత్రులు చడీచప్పుడు లేకుండా ఆ నియమాలను సడలించారు. సభ్యులు అడిగితే మాత్రం విధానం మారలేదన్న జవాబే వెళ్లింది. 1992లో, ఇరాక్‌కు యంత్రాలు అమ్మిన ఒక కంపెనీ అధికారుల మీద పెట్టిన కేసు కోర్టులో కుప్పకూలడంతో డొంక కదిలింది. దాని మీద విచారణ జరిపిన జడ్జి రిచర్డ్ స్కాట్ 1996 ఫిబ్రవరి 15న ఇచ్చిన నివేదిక ఆ జవాబులు సభకు సరైన సమాచారం ఇవ్వలేదని తేల్చింది. ఆ నివేదిక మీద జరిగిన ఓటింగులో ప్రభుత్వం 320కి 319, ఒకే ఒక్క ఓటుతో గట్టెక్కింది. చూశారా, జడ్జిగారు పట్టుకున్న కొసలలో ముఖ్యమైనది సభ్యులకు వెళ్లిన ఆ జవాబులే. ఎవరూ అడగకపోయి ఉంటే, పోల్చి చూడటానికి అబద్ధం కూడా మిగిలేది కాదు.

మంత్రి మౌనం ప్రతిసారీ పాపమేనని మీరు అనుకోవద్దు. ఒక ఖైదీని విడిపించడానికి తెరవెనుక మాటలు నడుస్తున్నప్పుడు సభలో నాలుగు గట్టి మాటలు మాట్లాడితే చప్పట్లు ఇక్కడ పడతాయి, దెబ్బ అక్కడ అతని మీద పడుతుంది. ఆ ఇబ్బంది నిజమైనదే. నాకు తెలిసిన గుర్తు ఒకటే: ఇప్పుడు చెప్పలేము అన్న మంత్రి, ఆ వ్యవహారం ముగిశాక వచ్చి చెబుతాడా? చెబితే మౌనం దౌత్యం కోసమే అనుకోవచ్చు.

బ్రిటన్‌లో విదేశీ వ్యవహారాల కమిటీ మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటల తరబడి అడుగుతుంది. శాఖల పనిని పరిశీలించే మన పార్లమెంటు కమిటీల, అంటే స్థాయీ సంఘాల ముందుకు మంత్రులు రారు, కార్యదర్శులే వస్తారు. కాబట్టి మన దగ్గర మంత్రిని నిలబెట్టి అడిగే చోటు ముఖ్యంగా ఆ ఒక్క గంటే. ఎమర్జెన్సీ పెట్టాక 1975 జూలైలో జరిగిన సమావేశాల్లో ఆ గంటను తీసివేశారు. వేలమంది విచారణ లేకుండా జైళ్లలో ఉన్న రోజులవి, అంటే ప్రశ్న అన్నిటికంటే అవసరమైన రోజులు. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణం చూపి మళ్లీ తీసివేసినప్పుడు లిఖిత జవాబులు మాత్రం మిగిల్చారు, అనుబంధ ప్రశ్న అడిగే వీలు లేకుండా పోయింది.

విదేశాంగ శాఖ ఇచ్చిన జవాబులన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉంటాయి. మీకు నచ్చిన విషయం మీద ఒక్క జవాబు ఎంచుకోండి. ప్రశ్నలోని ప్రతి భాగానికి ఎదురుగా జవాబులోని వాక్యాన్ని రాయండి, జత దొరకనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని చూస్తూ మీరే సభలో ఉంటే లేచి అడిగే అనుబంధ ప్రశ్న ఒకటి కింద రాసి నాకు పంపండి. 150 మాటలు దాటకూడదు సుమా.

ఆశీస్సులతో,
తాతయ్య