ఫుగౌ కౌంటీ, 1938-47: వరద, కరువు, కలరా గురించి అపోహలు - వాస్తవాలు

చైనా ఆధునిక చరిత్ర పాఠం చెప్పేటప్పుడు హెనాన్ ప్రావిన్స్‌లోని ఫుగౌ దగ్గర నేను కావాలనే ఎక్కువసేపు ఆగుతాను. పల్లెటూళ్ల కౌంటీ అది. తొమ్మిదేళ్ల లోపే యుద్ధం, వరద, కరువు, మిడతలు, అంటురోగాలు అన్నీ చూసింది. క్లాసులో ప్రతి ఏడాదీ వినిపించే కొన్ని మాటల్ని ఇక్కడ సరిచేస్తున్నాను.

అపోహ: హోయాంగ్‌హో (పసుపు నది) "చైనా దుఃఖదాయని" కదా, 1938 వరద కూడా ప్రకృతి వైపరీత్యమే.

వాస్తవం: ఆ నది గట్టుని మనుషులే తెంపారు. అప్పుడు చైనా మీద జపాన్ దండయాత్ర సాగుతోంది. జూన్ మొదట్లో హెనాన్‌లోని కైఫెంగ్ నగరం జపాన్ చేతికి చిక్కింది. తర్వాతి గురి జెంగ్‌జౌ రైల్వే జంక్షన్. శత్రువుని ఆపాలని అప్పటి చైనా అధినేత చియాంగ్ కై షేక్ సైన్యమే జూన్ 9న హువాయువాన్‌కౌ దగ్గర గండి కొట్టింది. పైగా జపాన్ బాంబుల వల్లే గట్టు తెగిందని ప్రకటించింది. నీళ్లు జియాలు నది వెంట ఆగ్నేయంగా పారి ఫుగౌ, షీహువా లాంటి కౌంటీల్ని ముంచేశాయి. ఆ వరద, దాని పర్యవసానాల వల్ల పోయిన ప్రాణాలు 4 లక్షల నుంచి 9 లక్షల దాకా ఉంటాయని రకరకాల అంచనాలున్నాయి.

అపోహ: ఏదైతేనేం, జపాన్‌ని ఆపగలిగారు.

వాస్తవం: జెంగ్‌జౌ అప్పటికి బయటపడిన మాట నిజమే. కానీ జపాన్ సైన్యం యాంగ్జీ నది దారి పట్టి అదే ఏడాది అక్టోబరులో వూహాన్‌ని పట్టుకుంది. దక్కిన గడువు కొన్ని నెలలు. పల్లెజనానికి ఒక్క మాటైనా చెప్పకుండా వాళ్ల ప్రాణాలు పణంగా పెట్టడాన్ని నేను సమర్థించలేను.

అపోహ: వరద వచ్చింది, పోయింది.

వాస్తవం: గండి 1947 దాకా పూడలేదు. అన్నాళ్లూ నది కొత్త దారిలోనే పారింది. ఆ ప్రవాహమే యుద్ధరేఖ అయింది. పడమటి ఒడ్డున చైనా సైన్యం, తూర్పున జపాన్. ఎవరి గట్టు వాళ్లు ఎత్తు పెంచుకుని నీటిని అవతలి వైపు తోయాలని చూశారు. గట్టు నిలవాలంటే మట్టి ఒక్కటే చాలదు. జొన్న చొప్ప, విల్లో కొమ్మలు కట్టలు కట్టి వెయ్యాలి. ఆ చొప్ప రైతులే ఇవ్వాలి, పనికీ వాళ్లే రావాలి. చొప్పంటే ఆ ఇంట్లో పొయ్యిలో మంట, ఎద్దుకి మేత. బండెడు చొప్ప గట్టుకి తోలితే పొయ్యి వెలగడం కష్టం, ఎద్దు బక్కచిక్కుతుంది, వచ్చే కారుకి దుక్కి సాగదు. చొప్ప వామి విలువ తెలిసిన మన రైతులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంత చేసినా వానాకాలంలో గట్లు మళ్లీ మళ్లీ తెగేవి.

అపోహ: 1942-43 కరువు వానలు లేక వచ్చింది.

వాస్తవం: వానలు లేవు, మిడతలు కూడా పడ్డాయి. వరద తీసిన చోట మిగిలిన ఒండ్రు మేటలు మిడతలు గుడ్లు పెట్టడానికి బాగా అనువు. కానీ పంట పోయినా సైన్యం కోసం ధాన్యం వసూలు ఆగలేదు. హెనాన్ మొత్తమ్మీద 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఈ సంగతి రాసినందుకు 1943 ఫిబ్రవరిలో దగోంగ్ బావో పత్రికని మూడు రోజులు మూయించారు. "నీళ్లు, ఎండ, మిడతలు, తాంగ్" అని జనం నాలుగు పీడలు లెక్కపెట్టేవాళ్లు. నాలుగోది అక్కడి సేనాని తాంగ్ ఎన్‌బో.

అపోహ: కలరా శవాల కుళ్లు వల్ల పాకింది.

వాస్తవం: కలరా పాకేది ప్రధానంగా మలంతో కలుషితమైన నీటి వల్ల. బావులు మునిగాయి, ఊళ్లకి ఊళ్లు ఒకేచోట కిక్కిరిసి తలదాచుకున్నాయి, నీళ్లు కాచుకోవడానికి వంటచెరుకు లేదు. నిలవ నీళ్ల వల్ల మలేరియా కూడా వచ్చింది.

అపోహ: 1945లో యుద్ధం ముగియగానే అందరూ ఇళ్లు చేరారు.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ చేయి కలిపాక, 1947 మార్చిలో గానీ నది పాత దారికి మళ్లలేదు. తిరిగొచ్చిన చాలామందికి ఇసుక, ఒండ్రు కింద పూడిపోయిన ఇళ్లే కనిపించాయి. ఈలోగా ఎండిన పాత నదీగర్భంలో లక్షల మంది ఊళ్లు కట్టుకుని సాగు చేసుకుంటున్నారు. నది వెనక్కి వస్తోందని ఈసారి వాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.