నిషేధం లేదు, షో కూడా లేదు: బెంగళూరు స్టాండప్ గొడవల వెనక కథ

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, బీటీఎం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే పేచీ. ఎక్కడో ఒక స్టాండప్ కమెడియన్ క్లిప్ తిరుగుతుంది, మనోభావాలు దెబ్బతిన్నాయంటారు, టికెట్ డబ్బులు వాపసు చేస్తామని మెసేజ్ వస్తుంది. "నోటికొచ్చింది వాగితే ఊరుకుంటారా" అని సగంమంది, "జోక్‌కి కూడా కేసులేంటి" అని సగంమంది. ఈలోపు ఎవరో ఒకాయన, "యూట్యూబ్‌లో ఫ్రీగా చూసేదానికి టికెట్ కొని వెళ్ళడమెందుకు?" అని అడుగుతాడు. ఆయనకెవరూ జవాబు చెప్పరు. గొడవంతా మాత్రం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

ఒక్కడే మైకు పట్టుకుని జనాన్ని నవ్వించే ఈ కళ మనదేశానికెలా వచ్చింది, 2014 డిసెంబరులో ముంబై వర్లీలో జరిగిన రోస్ట్ (మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఎగతాళి చేసే షో) ఎంత రభస చేసింది, బెంగళూరు కుర్రాళ్ళు వీడియోలతో ఎలా స్టార్లయ్యారు, 2018లో కామిక్‌స్తాన్ అనే కమెడియన్ల పోటీ షో వచ్చాక ప్రతి ఆఫీసులోనూ ఒక కమెడియన్ ఎలా తయారయ్యాడు... ఇదంతా అందరికీ తెలిసిందే. నేరుగా 2021 నవంబరు 28కి వద్దాం.

ఆ రోజు ఆదివారం. గుడ్ షెపర్డ్ ఆడిటోరియంలో కమెడియన్ మునవ్వర్ ఫారూఖీ షో. 600కు పైగా టికెట్లు అమ్ముడయ్యాయని ఆయనే చెప్పాడు. నెల క్రితమే చనిపోయిన పునీత్ రాజ్‌కుమార్ పేరుమీదున్న సేవా సంస్థకి సాయం చేయడం కూడా ఆ షో ఉద్దేశమన్నాడు. షోకి ముందు అశోక్‌నగర్ పోలీసులు నిర్వాహకులకి ఒక ఉత్తరం రాశారు. ఆయన వివాదాస్పద వ్యక్తి, కొన్ని రాష్ట్రాల్లో ఆయన షోలు ఆపేశారు, చాలా సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి, గొడవలై శాంతిభద్రతలు దెబ్బతినొచ్చు, అందుకని షో రద్దు చేసుకోండి అని దాని సారాంశం. నిర్వాహకులు రద్దు చేసుకున్నారు. రెండు నెలల్లో ఇలా పోయిన షోలు పన్నెండని ఫారూఖీ లెక్క చెప్పాడు. "ద్వేషం గెలిచింది, కళాకారుడు ఓడిపోయాడు" అని రాసి, ఇక సెలవన్నాడు.

ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా చూడాలి. అందులో నిషేధం లేదు. నిషేధిస్తే కారణం చూపించాలి, చూపించిన కారణాన్ని కోర్టులో నిలబెట్టుకోవాలి. ఇక్కడ ఆపింది ఎవరు? పోలీసులు సలహా ఇచ్చారు, నిర్వాహకులు పాటించారు. బెదిరించినవాళ్ళు బయటే ఉన్నారు, జోకులు చెప్పాల్సినవాడు ఇంటికి వెళ్ళాడు. ఇవాళ ఏ షో ఆగినా ఇదే పద్ధతిలో ఆగుతుంది. అందుకే నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ముంబై రోస్టూ కాదు, ఆ తర్వాత టీవీల్లో అరిచిన అరుపులూ కాదు.

దీనికి ముందు జరిగింది కూడా ఒకటుంది. అదే ఏడాది జనవరి 1న ఇందోర్‌లోని ఒక కెఫేలో షో మధ్యలో గొడవ చేసి ఫారూఖీని పట్టించారు. స్థానిక ఎమ్మెల్యే కొడుకు ఫిర్యాదుదారు. దేవతలను కించపరిచాడని ఆరోపణ. ఆ సాయంత్రం ఆయన అసలు తన సెట్టే (తన వంతు జోకులే) మొదలుపెట్టలేదని తోటి కళాకారులు మొదట్నుంచీ చెబుతున్నారు. అయినా నెలకు పైగా జైల్లో ఉండి, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చాకే బయటికొచ్చాడు. అంటే ఇందోర్‌లో చెప్పని జోక్‌కి జైలు, బెంగళూరులో ఆ జైలు కారణంగా షో రద్దు. ఉత్తరంలో ఆ ఇందోర్ కేసు ప్రస్తావన కూడా ఉంది.

ఫారూఖీ షో రద్దయిన సరిగ్గా మూడు రోజులకి ఇంకో కమెడియన్ కునాల్ కామ్రా తన బెంగళూరు షోలు కూడా పోయాయని ప్రకటించాడు. చాలామంది పట్టే హాల్లో 45 మందినే కూర్చోబెట్టడానికి కూడా ప్రత్యేక అనుమతి దొరకలేదట. ఆయన అడుగుపెడితే హాలు మూయిస్తామని బెదిరింపులు కూడా వచ్చాయట. 2022 నవంబరు 10న మరో కమెడియన్ వీర్ దాస్ వంతు. మల్లేశ్వరంలో వయొలిన్ ఆకారంలో ఉండే చౌడయ్య మెమోరియల్ హాల్లో జరగాల్సిన షో, ఏడాది కిందట వాషింగ్టన్‌లో దేశంలోని వైరుధ్యాల గురించి ఆయన చదివిన 'రెండు భారతదేశాలు' మాటల మీద వయాలికావల్ స్టేషన్లో ఫిర్యాదు వెళ్ళాక ఆగింది. అమెరికాలో అన్నదానికి వయాలికావల్‌లో శాంతిభద్రతలు!

పోలీసుల వాదన కూడా చెప్పుకోవాలి. వెయ్యిమంది గుమిగూడితే బందోబస్తు పెట్టేది వాళ్ళే, రాయి పడితే జవాబు చెప్పుకునేదీ వాళ్ళే. జోకులన్నీ గొప్పవి కావన్నదీ నిజమే. స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీతో బాధపడేవాళ్ళ మీద, దివ్యాంగుల మీద వేసిన జోకుల విషయంలో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొందరు కమెడియన్లతో క్షమాపణ చెప్పించింది. సరే. కానీ అది చెప్పిన జోక్ మీద, కోర్టులో, ఇరుపక్షాలూ విన్నాక జరిగిన పని.

బందోబస్తు అసాధ్యమన్న మాటకి జవాబు మనవాళ్ళ దగ్గరే ఉంది. 2021 డిసెంబరులో అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ హైదరాబాద్‌లో ఒక కంపెనీ కార్యక్రమంలో, రాజకీయంగా మాతో కలవనంత మాత్రాన మేము ఫారూఖీ, కామ్రా షోలు రద్దు చేయమని అన్నారు. బెంగళూరువాళ్ళు వినాలని కూడా చేర్చారు. పెట్టుబడుల కోసం పొరుగూరికి అంటించిన చురక అది, సందేహం లేదు. అయితే మాట పరీక్షకొచ్చింది. 2022 ఆగస్టు 20న శిల్పకళావేదికలో ఫారూఖీ షో జరిగింది. షో అడ్డుకుంటానన్న ఎమ్మెల్యే రాజాసింగ్‌ని ముందే అదుపులోకి తీసుకున్నారు, నిరసనకారులను పట్టుకెళ్ళారు, హాలు చుట్టూ పోలీసుల్ని నింపారు. తర్వాత రోజుల్లో నగరం ఆ వేడికి మూల్యం చెల్లించిన మాటా వాస్తవమే. షో మాత్రం ఆగలేదు. అదే వారం బెంగళూరులో అనుకున్న ఆయన షో జరగలేదు.

కొంచెం వెనక్కి. బెంగళూరుకి ఈ అలవాటు స్టాండప్‌తో రాలేదు. 2005లో నగర పోలీసులు బహిరంగ వినోదాల లైసెన్సుల మీద ఒక ఉత్తర్వు తెచ్చారు. లైవ్ బ్యాండ్లు, క్యాబరేలు, డిస్కోలు దాని కిందికొచ్చాయి. రెస్టారెంట్ల సంఘం కోర్టుకెక్కితే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందంది. ఆ పదమూడేళ్ళలో డ్రమ్సూ గిటార్లూ పెట్టుకోవడానికి భయపడ్డ పబ్ యజమానికి, ఒక మైకు, ఒక స్టూలు, ఒక మనిషితో మంగళవారం రాత్రి గడిచిపోవడం వరంలా కనిపించి ఉంటుంది. ఇక్కడ ఎవరైనా ఎక్కి జోకులు చెప్పగలిగే ఓపెన్ మైక్‌లు అంత త్వరగా పుట్టుకురావడానికి అదొక కారణమని నా అనుమానం. కానీ లైసెన్సు ఇచ్చే చెయ్యి నెత్తిమీద ఉందన్న జ్ఞానం యజమానికి అప్పటినుంచే ఉంది. అందుకే ఫోన్ ఒక్కటి చాలు.

పాత ప్రభుత్వాలు ఇంతకన్నా సూటిగా ఉండేవి. తెల్లదొరలు 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి ఫలానా నాటకం ఆపమని కాగితం మీద రాసేవారు. 2018లో గాని ఆ చట్టం పుస్తకాల్లోంచి పోలేదు. తమిళ నటుడు ఎం.ఆర్. రాధా నాటకాల మీద కోపంతో మద్రాసులో 1954లో చేసిన చట్టాన్ని 2013లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. బుర్రకథని అటు ఆంగ్లేయులూ ఇటు నిజామూ నిషేధించారు. కథకుడి పక్కన నిలబడే ఇద్దరు వంతల్లో ఒకరు హాస్యం చెబుతుంటే, ఇంకొకరు ఆ ఊరి సంగతులూ రాజకీయం మాట్లాడేవారు. ప్రభుత్వాలకి కథతో పేచీ లేదు, రెండో వంతతోనే.

ఇప్పుడు వాట్సాప్ ఆసామి ప్రశ్న.

వైట్‌ఫీల్డ్ వైపు ఆదివారం తెలుగు షో అంటే, ఏదో కెఫే మేడమీద అరవై డెబ్బై కుర్చీలు. వెనక వరసలు ముందు నిండుతాయి. ముందు వరసలో కూర్చుంటే హోస్ట్ పట్టుకుంటాడని అందరికీ భయం. ఆలస్యంగా వచ్చిన జంట తప్పక అక్కడే కూర్చుంటుంది. "అన్నా, ఎక్కడినుంచి?" "హిందూపురం." అంతే, హాలంతా గొల్లుమంటుంది. హోస్ట్ ఇంకా ఏమీ అనలేదు. కనుబొమ్మ ఎత్తి, స్టూలు మీది నీళ్ళ సీసా తీసి, తాపీగా ఒక గుక్క తాగుతాడు. నవ్వు రెట్టింపవుతుంది. ఎందుకో తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాఫీ పట్టుకొచ్చిన మండ్య కుర్రాడికి మాత్రం వీళ్ళకేమైందో అర్థంకాదు.

జోక్ సగం చూసేవాళ్ళ బుర్రలోనే ఉంది. వంద కిలోమీటర్ల అవతలినుంచి వచ్చి, పీజీల్లో ఉంటూ, మేనేజర్ ముందు ఇంగ్లీషూ ఓనర్ ముందు వచ్చీరాని కన్నడమూ మాట్లాడి అలిసిపోయిన అరవైమంది ఒకేసారి ఒకే విషయం గుర్తుచేసుకున్నారు. దీన్ని వీడియో తీస్తే ఏం కనిపిస్తుంది? ఒకడు నీళ్ళు తాగాడు, జనం నవ్వారు. లైవ్‌కి డబ్బులిచ్చేది దీనికే. అవధానంలో అప్రస్తుత ప్రసంగం కోసం కాచుక్కూర్చునే మన పెద్దలకి ఈ రుచి కొత్తేం కాదు. సమస్యలూ దత్తపదులూ పుస్తకంలో అచ్చయినా, పృచ్ఛకుడి కొంటె ప్రశ్నకి అవధాని అప్పటికప్పుడు విసిరిన మాట ఆ సభలో ఉన్నవాడిదే.

క్రౌడ్ వర్క్‌కి, అంటే చూడొచ్చినవాళ్ళతోనే మాటలు కలిపి నవ్వించడానికి, ఇంత గిరాకీ రావడం, గేటు దగ్గర ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించడం, "ఇది రికార్డ్ అవట్లేదు కదా" అని అడిగి మరీ బిట్ మొదలుపెట్టడం, ఇవన్నీ 2021 తర్వాత బలపడ్డ అలవాట్లు. వీడియోతో పెరిగిన కళ వీడియోకి భయపడి మళ్ళీ గదిలోకి దూరింది. ఆ భయమే గదికి విలువ పెంచింది.

తెలుగు షోలకున్న టెన్షన్ మాత్రం వేరు. మతం జోలికి మనవాళ్ళు పెద్దగా వెళ్ళరు. భయమంతా హీరోల అభిమానులతో, పార్టీల సోషల్ మీడియా దళాలతో, కులంతో. అందుకే చాలా సెట్లు పీజీ సాంబారు, పెళ్ళిచూపులు, అప్రైజల్ దగ్గరే తిరుగుతాయి. విసుగే. కానీ హిందూపురం నవ్వు కూడా క్లిప్పయి కృష్ణా దాటితే ఏమవుతుందో ఊహించుకున్నవాడిని పిరికివాడని ఎలా అంటాం?

చట్టం సంగతికొస్తే, 2025 మార్చి 28న ఒకే రోజు రెండు జరిగాయి. ఒక కవిత మీద కేసు ఎదుర్కొన్న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు, కవిత్వం, నాటకాలతో పాటు స్టాండప్ కామెడీని కూడా పేరుపెట్టి చెప్పి, ఇవి మనిషి జీవితానికి అర్థాన్నిస్తాయంది. మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే ఇలాంటి ఆరోపణల్లో కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదంది. అదే రోజు మద్రాసు హైకోర్టు, మహారాష్ట్ర నేత ఏక్‌నాథ్ షిండే మీద జోక్ వేసినందుకు కేసులో ఇరుక్కున్న కామ్రాకి మధ్యంతర ముందస్తు బెయిలిచ్చింది. ముంబైలో ఆయన షో తీసిన హాబిటాట్ స్టూడియోని అంతకు ఐదురోజుల ముందే పగలగొట్టారు. ఆయన నివాసం తమిళనాడులోని విళుప్పురం జిల్లా కాబట్టి అక్కడి కోర్టుకెళ్ళాడు.

బెంగళూరు తెలుగు కమెడియన్లకి పనికొచ్చేది ఈ రెండోదే. 2024 జులై 1నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ స్మృతి (బీఎన్ఎస్ఎస్) ప్రకారం నేరం ఎక్కడ జరిగిందన్నదాంతో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఇందిరానగర్‌లో అన్న మాటకి గుంటూరులోనో కరీంనగర్‌లోనో కేసు పెట్టొచ్చు. ఆ కేసు ఇక్కడి స్టేషన్‌కి బదిలీ కాకుండా అక్కడే నడిస్తే, ఇక్కడుంటున్నవాడు ముందు కర్ణాటక హైకోర్టులో ట్రాన్సిట్ బెయిల్ (ఆ రాష్ట్రం కోర్టుకి వెళ్ళేదాకా అరెస్టు కాకుండా కాపాడేది) తెచ్చుకుని, ఆ తర్వాత అక్కడికి బస్సెక్కాలి. షో ఆగితే టికెట్ డబ్బులు వాపసు వస్తాయి. లాయరు ఫీజు రాదు.