లాకుల మెట్లెక్కి, కొండ కింద నుంచి

బుజ్జీ, చిన్నోడా,

మీ అత్త వాళ్ళతో నేరోబోట్ అనే సన్నటి పడవలో తిరిగొచ్చాను. పడవ కొండెలా ఎక్కుతుంది తాతయ్యా అని ఫోన్‌లో అడిగారు కదా, తీరిగ్గా రాస్తున్నాను.

మేం వెళ్ళింది ఇంగ్లండ్‌లోని ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ మీద. 1766లో తవ్వడం మొదలుపెట్టి 1777లో పూర్తిచేశారు. స్టోక్ ప్రాంతంలో పింగాణీ సామాను చేసేవారు. గుర్రాల మీద వేసి గతుకుల బాటల్లో పంపిస్తే చాలా పగిలిపోయేది. నీళ్ళ మీదైతే కుదుపు ఉండదు. అందుకే వెడ్జ్‌వుడ్ అనే పింగాణీ వ్యాపారి పట్టుబట్టి ఈ కాలవ తవ్వించాడు. మొదటి గడ్డపార దెబ్బ కూడా ఆయనే వేశాడు. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ మాత్రం పని పూర్తికాకముందే, 1772లో చనిపోయాడు.

ఇక్కడి లాకు, అంటే పడవను పైకెత్తే రాతి తొట్టి, వెడల్పు ఏడడుగులే. అందుకే పడవ కూడా సన్నగా ఉంటుంది, పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా ఉండొచ్చు. లోపల వంటగది, మంచాలు అన్నీ రైలు పెట్టెలోలా వరసగా ఉంటాయి.

వీలాక్ అనే ఊరి నుంచి కిడ్స్‌గ్రోవ్ దాకా ఏడు మైళ్ళలో 26 లాకులు. లాకంటే నీళ్ళతో కట్టిన మెట్టు అనుకోండి. రాతి తొట్టికి ముందో తలుపు, వెనకో తలుపు. పడవ కింది వైపు నుంచి తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తాం. గట్టు మీద ఇనుప హ్యాండిల్ తిప్పి పైవైపు తూము ఎత్తుతాం. నీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికొస్తాయి. పడవ నెమ్మదిగా లేస్తుంది. ముందు కళ్ళెదుట నాచు పట్టిన తడిగోడ, కాసేపటికి గడ్డి, ఆ తర్వాత పొలాలు, గొర్రెలు! మోటారు లేదు, కరెంటు లేదు. ఎత్తేదంతా నీళ్ళే.

కింది తలుపుల్లో ఒక తెలివి ఉంది. మీ రెండు అరచేతుల వేళ్ళ కొసలు కలిపి ఇంటి కప్పులా పెట్టండి. తలుపులు సరిగ్గా అలా కలుస్తాయి, ఆ మొన ఎత్తు నీళ్ళ వైపు చూస్తుంది. నీళ్ళు ఎంత నెడితే అంత గట్టిగా బిగుస్తాయి. లోపలా బయటా నీళ్ళు సమానమయ్యేదాకా పదిమంది తోసినా కదలవు. సమానమయ్యాక తలుపుకు బిగించిన పొడవాటి దూలానికి వీపు ఆనించి తోస్తే నేనొక్కణ్ణే తెరిచాను.

మూడో లాకులో తప్పు చేశాను. కింది తూము పూర్తిగా దించలేదు. పైనుంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కింద నుంచి పోయాయి. పావుగంటైనా తొట్టి నిండలేదు. ఒక పడవ దాటడానికి లక్ష లీటర్లకు పైనే నీళ్ళు కిందికి దిగిపోతాయి. పైన వాటిని నింపడానికి రడ్‌యార్డ్ లాంటి చెరువులున్నాయి. అన్ని నీళ్ళు వృథాగా పోయాయని మనసు చివుక్కుమంది. ఆ తర్వాత ప్రతి తూమూ రెండుసార్లు చూసుకున్నాను.

లాకులన్నీ ఎక్కాక ఎదురుగా కొండ. దాని కిందనుంచే హేర్‌కాజిల్ సొరంగం, రెండున్నర కిలోమీటర్లకు పైనే. అక్కడ కాలవ నీళ్ళు ఇనుప ఖనిజం వల్ల ఇటుకరంగులో ఉంటాయి. ఒకసారికి ఒకవైపు నుంచే పడవల్ని వదులుతారు. కాపలాదారు మా లైటూ హారనూ చూసి పంపాడు. చీకటి, చలి, మెడ మీద టపటపా నీటి చుక్కలు. మధ్యలో కప్పు బాగా కిందికొచ్చేసింది. వంగి కూర్చున్నాను, కాస్త టెన్షన్ పడ్డాను కూడా. దాదాపు నలభై నిమిషాలకు అవతలి తలుపు తెరుచుకుని వెలుగు కనబడింది. పడవ ఇంజన్ల పొగ పేరుకోకుండా అక్కడ పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి.

ఇది టెల్‌ఫర్డ్ అనే ఇంజనీరు 1827లో కట్టించిన సొరంగం. పక్కనే బ్రిండ్లీ తవ్వించిన పాతది ఉంది, ఇప్పుడు మూసేశారు. అప్పట్లో పడవల్ని గుర్రాలు లాగేవి, కానీ దాంట్లో గుర్రం నడవడానికి గట్టు లేదు. అందుకని గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించేవారు. ఆ దారిని ఇప్పటికీ బోట్‌హార్స్ రోడ్ అనే అంటారు. పడవలో మనుషులు వెల్లకిలా పడుకుని, కాళ్ళు సొరంగం గోడకు తన్ని, గోడ మీద నడిచినట్టు నడిచి, బరువు పడవను అవతలికి చేర్చేవారు. ఆ చీకట్లో గంటల తరబడి! పేర్లు మిగిలింది ఇంజనీర్లవే. నాకు మాత్రం ఆ కాళ్ళే గుర్తొస్తున్నాయి.

నా చిన్నప్పుడు మన కోనసీమ కాలవల్లోనూ ధాన్యం పడవలు తిరిగేవి. గాలి లేకపోతే మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు మీద లాగేవారు. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు, కాలవలు పొలాలకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వించాడు. ఆ కాలవల మీదా ఇలాంటి నీటి మెట్లే ఉన్నాయి, మనం 'లాకులు' అనేది వాటినే.

దసరా సెలవుల్లో ధవళేశ్వరం వెళ్తారుగా. లాకుల దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి, తలుపుల మొన ఎటు చూస్తోందో గమనించి నాకు రాయండి. బొమ్మ కూడా వేసి పంపండి.

మీ తాతయ్య